పోటు కోసం ఆగిన ఊళ్లు: జపాన్ సెతో సముద్రంలో దీవి నుంచి దీవికి

జపాన్ పటం తీసుకుని చూస్తే హోన్షూ, షికోకు, క్యూషూ అనే మూడు పెద్ద దీవుల మధ్య ఇరుక్కున్న నీటిపట్టు ఒకటి కనిపిస్తుంది. అదే సెతో సముద్రం. తూర్పు నుంచి పడమరకు సుమారు 450 కిలోమీటర్ల పొడవు, సగటున 40 మీటర్లు కూడా లేని లోతు, చిన్నవీ పెద్దవీ కలిపి 700కు పైగా దీవులు. జపాన్ తొలివిడతగా 1934లో ప్రకటించిన జాతీయ పార్కుల్లో ఇదొకటి. ఇక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువగా మూడు పేర్లు రాసుకుని వస్తారు: మియాజిమా దీవిలో గుడి ముందు నిలిచిన తోరణం, నావోషిమా దీవిలోని గుమ్మడికాయ శిల్పం, దీవుల మీదుగా సాగే షిమానామి సైకిల్ దారి. మూడూ చూసి ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. ఆ ఊళ్లు అక్కడే ఎందుకు వెలిశాయి, ఒకప్పుడు అంత కళకళలాడినవి ఎందుకు ఖాళీ అయ్యాయి, మళ్లీ జనం ఎందుకొస్తున్నారు అన్నది మాత్రం అంతుపట్టదు. దానికి సమాధానం గుళ్లలోనో మ్యూజియాల్లోనో కంటే ముందు నీళ్లలో వెతకాలి.

సెతోకు తూర్పున కీ జలసంధి, పడమట బుంగో జలసంధి ఉన్నాయి. పసిఫిక్‌లో పోటు వచ్చినప్పుడు రెండు వైపుల నుంచీ నీళ్లు లోపలికి తోసుకొస్తాయి. దాదాపు మధ్యలో, హిరోషిమా రాష్ట్రం తూర్పు అంచున తోమోనౌరా అనే రేవు దగ్గర రెండు ప్రవాహాలూ ఎదురెదురవుతాయి. ఆరు గంటల తర్వాత ఆటు మొదలైతే అక్కడి నుంచే తలో దిక్కుకూ వెనక్కి మళ్లుతాయి. ఇంజిన్ లేని ఓడ ఒసాకా నుంచి పడమటికి వెళ్లాలంటే ఏం చేయాలో ఇప్పుడు తేలిగ్గా ఊహించవచ్చు. పోటు మీద తోమో దాకా వస్తుంది. ముందుకు పోతే ఎదురు ప్రవాహం. అందుకని లంగరు దించి, నీళ్లు తిరిగేదాకా ఆగి, ఆటు మీద పడమటికి సాగిపోతుంది. అటు నుంచి వచ్చే ఓడకూ ఇదే లెక్క, దిక్కు మాత్రం తారుమారు. గాలి కూడా కలిసిరాకపోతే ఆరు గంటల ఆగుడు కాస్తా రోజులవుతుంది. నావికులు ఆగిన చోట సత్రం, సారా, గుడి, వడ్డీ వ్యాపారి, ఓడ బాగుచేసే వడ్రంగి అందరూ చేరతారు. సెతో తీరంలోని పాత ఊళ్లలో చాలావాటి పుట్టుక ఇదే.

తోమోలో ఆనాటి రేవు సరంజామా అయిదూ మిగిలి ఉంది: దీపస్తంభం, రాతిమెట్లు, అలల అడ్డుకట్ట, ఓడ అడుగు కాల్చే చోటు, కాపలా ఠాణా. జపాన్‌లో ఈ అయిదూ ఒకేచోట మిగిలిన రేవు ఇదొక్కటేనని చెబుతారు. జనం 1859 నాటి రాతి దీపస్తంభం చుట్టూ గుమిగూడతారు గానీ, కాసేపు నిలబడి చూడాల్సింది దాని పక్కన రేవు వంపు వెంట సాగిన మెట్లను. వాటిని గాంగీ అంటారు. సెతో మధ్యభాగంలో పెద్ద పోటుకూ పెద్ద ఆటుకూ మధ్య నీటిమట్టం నాలుగు మీటర్ల దాకా మారుతుంది. నిలువుగా గోడ కట్టి ఉంటే పోటు వేళ ఓడ గట్టుతో సమానంగా ఉంటుంది, ఆటు వేళ పాతాళంలోకి పోతుంది, మూటలు దించడం కుదరదు. మెట్లుంటే నీరు ఎక్కడున్నా ఆ ఎత్తులో ఒక మెట్టు సిద్ధంగా ఉంటుంది. కింది మెట్ల మీద పాచి, ఆల్చిప్పలు; పై మెట్లు పొడిగా, అరిగి నునుపుగా ఉంటాయి. ఆటు వేళ వెళ్తేనే ఈ తేడా కనిపిస్తుంది. కింది మెట్లు బాగా జారతాయి, ఫొటో కోసం దిగకండి.

ఓడ అడుగు కాల్చడం కూడా పోటుతో పడే పనే. చెక్క ఓడకు అసలు శత్రువు తుపాను కాదు, చెక్కలోకి దూరి తొలిచేసే ఓడపురుగు. పోటు వేళ ఓడను రాళ్లు పరిచిన ఒడ్డు మీదికి తెచ్చి నిలుపుతారు. నీళ్లు తీశాక అడుగు బయటపడుతుంది. పైన్ ఆకులు, గడ్డి వేసి సెగ తగిలించి పురుగును చంపి, చెక్కలోని తేమ ఆరాక తర్వాతి పోటుకు తేల్చేస్తారు. వ్యవధి చాలా తక్కువ. ఆలస్యమైతే నీళ్లొచ్చి మంట ఆర్పేస్తాయి.

ఈ రేవు ఇంత చెక్కుచెదరకుండా ఉండటం అదృష్టమూ కాదు, తొలి నుంచీ అందరూ కాపాడుకున్నదీ కాదు. ఆవిరి ఓడలు వచ్చాక ఆగాల్సిన పని పోయింది, రైలు కూడా ఫుకుయామా మీదుగా వెళ్లింది. బాగుచేయడానికి డబ్బు లేక పాత ఊరు అలాగే ఉండిపోయింది. ఇరుకు సందుల్లో కార్లు పట్టక, రేవులో కొంత పూడ్చి అడ్డంగా వంతెన కట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. ఊరు రెండుగా చీలింది. 2009లో హిరోషిమా జిల్లా కోర్టు పూడికకు అనుమతి ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. దృశ్యం కూడా కాపాడదగ్గ ప్రయోజనమేనని ఒప్పుకున్న అరుదైన తీర్పు అది. చివరికి వంతెన ఆలోచన మానుకుని కొండలో సొరంగం వైపు మళ్లారు. వంతెన కావాలన్నవాళ్లను తక్కువ చేసి మాట్లాడటం పర్యాటకులకు తేలికే. ఆ సందుల్లోకి అంబులెన్సు వెళ్లడం ఎంత కష్టమో ఒకసారి నడిచి చూస్తే తెలుస్తుంది.

ఫుకుయామా స్టేషన్ నుంచి తోమోకు బస్సులో అరగంట. 1659 నుంచి ఇక్కడ తయారవుతున్న హోమేషు అనే మూలికల మద్యం రుచి చూపించే పాత కొట్లు ఉన్నాయి. 16 రకాల మూలికలు వేసిన తియ్యటి మందు అది. కొండమీది ఫుకుజెన్‌జీ గుడి హాలులో కూర్చుంటే తలుపుల చట్రంలో దీవులు కనిపిస్తాయి. 1711లో వచ్చిన కొరియా రాయబారి ఒకరు జపాన్ మొత్తంలో ఇంతటి దృశ్యం లేదని రాసిచ్చిన అక్షరాలు ఇప్పటికీ అక్కడున్నాయి.

ప్రవాహాలతో ఓడలు ఆగుతాయంటే, ఆ ప్రవాహాలు తెలిసినవాడు డబ్బు చేసుకుంటాడని కూడా అర్థం. ఇంకాస్త పడమట గెయ్యో దీవుల మధ్య జలసంధులు మరీ ఇరుకు. ఆ దారులు 15, 16 శతాబ్దాల్లో మురకామి వంశం చేతిలో ఉండేవి. నోషిమా, కురుషిమా, ఇన్నోషిమా అని మూడు శాఖలు. వీళ్లను సముద్రపు దొంగలంటారు గానీ, రోజువారీ పని దోపిడీ కంటే సుంకం వసూలుకే దగ్గర. డబ్బు కట్టిన ఓడకు తమ గుర్తున్న జెండా ఇచ్చేవారు, అవసరమైతే సుడులు తెలిసిన మనిషిని ఓడ ఎక్కించి దాటించేవారు. కట్టనివాళ్ల సంగతి వేరే. నోషిమా కోట ఉన్నది నిజానికి చిటికెడు దీవి. దాని చుట్టూ తిరిగే నీళ్లే దానికి కందకం. 1588లో అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి సముద్రపు దోపిడీని నిషేధించి వీళ్ల స్వతంత్ర వ్యాపారాన్ని మూసేశాడు. ఓషిమా దీవిలోని మియాకుబో రేవు నుంచి చిన్న పడవల్లో ఆ ప్రవాహాల్లోకి తీసుకెళ్తారు. ఎక్కే ముందు ఆ రోజు నీళ్లు జోరుగా పారే వేళ ఎప్పుడో అడగండి. ఆటుపోట్లు మారే వేళకు ఎక్కితే చెరువులో షికారులా ఉంటుంది, డబ్బు దండగ. అమావాస్య, పున్నమి తర్వాత ఒకటి రెండు రోజులు ఉధృతి ఎక్కువ.

ఇంజిన్లొచ్చినా నీళ్ల పెత్తనం పూర్తిగా పోలేదు. పక్కనే ఉన్న కురుషిమా జలసంధిలో ప్రవాహం గరిష్ఠంగా 10 నాట్లు, అంటే గంటకు 18 కిలోమీటర్లు దాటుతుంది. ఇక్కడ ఓడలకు ఓ వింత నిబంధన ఉంది: ప్రవాహంతోపాటు వెళ్లే ఓడ మధ్య పాయలోంచి, ప్రవాహానికి ఎదురెళ్లే ఓడ పడమటి పాయలోంచి పోవాలి. ప్రవాహంతో కొట్టుకుపోతున్న ఓడకు చుక్కాని సరిగా పలకదు కాబట్టి దానికి నేరుగా ఉన్న పాయ; ఎదురీదే ఓడ చుక్కానికి పట్టు ఎక్కువ కాబట్టి దానికి వంపు తిరిగిన పాయ. దీంతో ప్రవాహం ఒక వైపు పారేటప్పుడు ఓడలు ప్రపంచమంతటా ఉన్నట్టే కుడివైపు నుంచి, రెండో వైపు పారేటప్పుడు ఎడమవైపు నుంచి తప్పుకుంటాయి. ఒడ్డు మీది పెద్ద విద్యుత్ బోర్డుల మీద ఉత్తరమో దక్షిణమో తెలిపే అక్షరం, వేగం అంకె, జోరు పెరుగుతోందా తగ్గుతోందా అని బాణం గుర్తు వరసగా మారుతూ వెలుగుతుంటాయి. 1999లో తెరిచిన కురుషిమా వంతెన మీద సైకిల్ ఆపి కిందికి చూస్తే ఈ లెక్క మొత్తం కళ్లముందు జరుగుతుంది.

షిమానామి సైకిల్ దారి హోన్షూలోని ఒనోమిచి నుంచి షికోకులోని ఇమాబరి దాకా ఆరు దీవుల మీదుగా సుమారు 70 కిలోమీటర్లు. రోడ్డు అంచున నీలం గీత గీసి ఉంటుంది, దాన్ని పట్టుకుపోతే దారి తప్పరు. కష్టమంతా వంతెనల దగ్గరే. ఓడలు కింద పోవాలి కాబట్టి వంతెనలు బాగా ఎత్తున ఉంటాయి. ప్రతిదానికీ సైకిళ్ల కోసం వంపులు తిప్పుతూ సన్నగా ఎక్కే దారి వేశారు. వాలు మూడు శాతమే గానీ, ప్రతి దీవికీ ఎక్కి దిగాలి. అలవాటు లేనివాళ్లు పొద్దున పది దాటాక బయల్దేరి ఒక్కరోజులో ముగిద్దామనుకుంటే ఓమిషిమా దాటేసరికే చీకటి పడుతుంది. మంచి పద్ధతి రెండు రోజులు పెట్టుకోవడం. లేదంటే నిమ్మతోటల ఇకుచి దీవిలోని సెతోదా దాకా తొక్కి, సైకిల్‌తో సహా పడవెక్కి ఒనోమిచికి తిరిగి రావడం. ఒనోమిచి నుంచి మొదటి దీవికి మాత్రం వంతెన వద్దు. అది ఇరుకు, లారీలు తగులుతాయి. అందరూ కొన్ని నిమిషాల ఫెర్రీయే ఎక్కుతారు. ఓమిషిమాలోని ఓయామాజుమి గుడి దారికి కాస్త పక్కన ఉండటంతో చాలామంది వదిలేస్తారు, వదలకూడదు. యుద్ధానికి వెళ్లేవాళ్లు, గెలిచి వచ్చినవాళ్లు ఇక్కడి దేవుడికి కవచాలు, కత్తులు సమర్పించేవారు. జపాన్‌లో అధికారికంగా గుర్తించిన పాత కవచాల్లో పెద్ద వాటా ఈ మారుమూల గుడిలోనే ఉంది.

పోటు లెక్క తెలియక అందరికంటే ఎక్కువగా నష్టపోయేది మియాజిమా వెళ్లేవాళ్లు. యోధుల వంశానికి చెందిన తైరా నో కియోమోరి 1168 ప్రాంతంలో ఇప్పటి రూపమిచ్చిన అక్కడి ఇత్సుకుషిమా గుడిని ఆటుకు బయటపడే ఇసుకనేల మీదే కట్టారు. నీటిమట్టం 250 సెంటీమీటర్లు దాటితే గుడి, తోరణం తేలుతున్నట్టు కనిపిస్తాయి. 100 కంటే తగ్గితే తోరణం కాళ్ల దాకా నడిచి వెళ్లొచ్చు. మధ్యస్థంగా ఉంటే రెండూ లేవు, బురద, నడుమ మడుగులు. రెండు గంటల్లో చూసిపోదామని వచ్చినవాళ్లకు తరచూ దక్కేది ఇదే. పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటలు కాబట్టి హిరోషిమా పోటు పట్టిక చూసుకుని ఆ రెండూ పగటిపూట పడే రోజును ఎంచుకోవాలి, ఆ పూటంతా దీవిలోనే ఉండాలి. వేళలు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అష్టమి దగ్గర్లో పోటూ ఆటూ రెండూ బలహీనమే, ఆ రోజుల్లో వెళ్లి లాభం లేదు. 2023 అక్టోబరు నుంచి ఫెర్రీ చార్జీతో పాటు మనిషికి 100 యెన్ల సందర్శక పన్ను తీసుకుంటున్నారు.

తోరణం దగ్గరికి నడిచి వెళ్లినప్పుడు అడుగు చూడండి. 16.6 మీటర్ల ఎత్తు, 60 టన్నుల బరువున్న ఆ కట్టడాన్ని నేలలో పాతలేదు. పైన్ మొద్దులు దిగ్గొట్టి గట్టిచేసిన నేల మీద తన బరువుతోనే నిలబడింది. బరువు చాలదని పైదూలంలోని పెట్టెలో ఏడు టన్నుల దాకా రాళ్లు నింపారు. ముఖ్య స్తంభాలు కర్పూర చెట్టు మానులు, ఆ కలపను పురుగు అంత తేలిగ్గా ముట్టదు. అయినా 1875 నాటి ఈ తోరణానికి 2019 నుంచి 2022 దాకా పెద్ద మరమ్మతు తప్పలేదు. గుడి వరండా పలకల మధ్య సందులు వదిలింది కూడా అందుకే: పెద్ద పోటు కిందినుంచి తోసినప్పుడు నీళ్లు సందుల్లోంచి పైకి చిమ్మి ఒత్తిడి తగ్గుతుంది, పలకలు లేచిపోవు. 2004 తుపానులో పక్కనున్న వాద్యకారుల మంటపం కూలినా అసలు గర్భగుడి నిలిచింది.

సెతో ప్రజల కూడూ గుడ్డా కూడా ఆటుపోట్ల మీదే నడిచింది. ఉత్తరాన చూగోకు కొండలు, దక్షిణాన షికోకు కొండలు వాన మబ్బుల్ని ఆపేస్తాయి కాబట్టి జపాన్ లెక్కలో ఇక్కడ వాన తక్కువ. ఉప్పుకు అనువైన చోటు. అయినా మన నౌపడా మళ్లలో లాగా ఎండకే ఉప్పు గడ్డకట్టేంత పొడి వాతావరణం కాదు. అందుకే పోటు మట్టానికి కొంచెం కింద కట్టలు పోసి ఇసుక మడులు చేశారు. పోటు వేళ తూము ఎత్తితే కాలవల్లోకి నీళ్లు వాటంతటవే వస్తాయి, ఇసుక వాటిని పైకి పీల్చుకుంటుంది, ఎండకు ఇసుక రేణువులకు ఉప్పు పడుతుంది. ఆ ఇసుకను దంతెలతో గీరి పోగేసి, నీళ్లు పోసి కడిగితే చిక్కటి ఉప్పునీరు వస్తుంది. దాన్ని కట్టెల మీద కాచేవారు. చుట్టుపక్కల కొండలు బోడి కావడానికి ఈ కట్టెలు కూడా ఒక కారణం. 1970ల మొదట్లో పరిశ్రమ విద్యుత్తుతో, సన్నటి పొరలతో సముద్రపు నీటిలోని ఉప్పును చిక్కబరిచే పద్ధతికి మారిపోయింది, మడులు పోయాయి.

ఉప్పు మిగిలిన చోట సోయా సాస్ పుట్టింది. షోదోషిమాలో దీనికి 400 ఏళ్ల చరిత్ర. ఒసాకా కోట తిరిగి కట్టేటప్పుడు రాయి కొట్టడానికి వచ్చినవాళ్లతో పాటు సాస్ కూడా దీవికి వచ్చిందని చెబుతారు. ఉప్పు చేతిలో ఉంది, గోధుమ, సోయా గింజలు ఓడల్లో వస్తాయి, ఒసాకా బజారు సముద్రం అవతలే. ఉడికించిన సోయాకు వేయించి నలగ్గొట్టిన గోధుమ కలిపి కోజీ బూజు పట్టిస్తారు, మూడు నాలుగు రోజులు. దాన్ని ఉప్పునీళ్లలో కలిపి మనిషి ఎత్తు దాటిన దేవదారు పీపాల్లో ఏడాది నుంచి రెండేళ్లు పులియబెట్టి, గుడ్డల్లో వేసి పిండుతారు. వేల లీటర్లు పట్టే ఆ పీపాలు వందేళ్లకు పైగా మన్నుతాయి. ఉప్పు చెక్కను కుళ్లనివ్వదు. సాకే అనే బియ్యపు మద్యం చేసేవాళ్లు వాడి వదిలేసిన పీపాలే ఒకప్పుడు సాస్ కొట్లకు వచ్చేవి. పీపా ఖాళీగా ఉంచితే చెక్క ఎండి, పలకల మధ్య సందులు పడి, వెదురు కట్లు వదులవుతాయి. ఆ తర్వాత అది నీళ్లు నిలవదు. అందుకే గిరాకీ తగ్గి ఒక ఏడు నింపకపోతే పీపాయే పోతుంది. జపాన్ మొత్తం సోయా సాస్‌లో ఇలా చెక్క పీపాలో తయారయ్యేది ఒక శాతం కూడా ఉండదు, ఆ పీపాల్లో పెద్ద భాగం ఈ దీవిలోనే ఉంది. పెద్ద పీపాలు చేసే పనివాళ్లు కరువై, 2012 ప్రాంతంలో ఇక్కడి తయారీదారులే వడ్రంగులతో కలిసి ఆ పని నేర్చుకున్నారు. కొట్టు చూడబోతే ముందురోజు నుంచి నత్తో అనే పులిసిన సోయా తినకండి. దాని బాక్టీరియా కోజీని చెడగొడుతుందని లోపలికి రానివ్వరు.

ఇంజిన్ వచ్చి ఆగాల్సిన అవసరం తీసేశాక, దీవులకు ఇంకో వేషం పడింది. ప్రధాన భూమికి దగ్గర, జనం కళ్లకు దూరం. అక్కర్లేనివి పెట్టడానికి అంతకంటే వీలైన చోటేముంది? ఇనుజిమాలో 1909లో రాగి కొలిమి తెరిచి, ధర పడిపోగానే 1919లో మూసేశారు. నావోషిమా ఉత్తర కొస 1917 నుంచి రాగి శుద్ధి కర్మాగారానిది, ఆ పొగకు చుట్టుపక్కల చెట్లు మాడిపోయాయి. ఓకునోషిమాలో 1929 నుంచి 1945 దాకా సైన్యం విషవాయువు తయారుచేసింది, పటాల్లోంచి ఆ దీవినే తీసేశారు. ఇవాళ అక్కడికి కుందేళ్ల కోసం వెళ్తున్నారు. షికోకు తీరంలోని తకమత్సు దగ్గరి ఓషిమాలో (మురకామి వాళ్ల ఓషిమా వేరు) 1909 నుంచి కుష్ఠురోగులను బలవంతంగా ఉంచారు. ఆ చట్టం రద్దయింది 1996లోనే. తేషిమాలో 1970ల చివరి నుంచి 1990 దాకా ఒక కంపెనీ పారిశ్రామిక చెత్తను అక్రమంగా తెచ్చి పోసి తగలబెట్టింది. దీవివాసులు ఏళ్ల తరబడి పోరాడితే 2000లో ఒప్పందం కుదిరింది. 9 లక్షల టన్నులకు పైగా చెత్తనూ మట్టినీ ఓడల్లో నావోషిమాకు తరలించి శుద్ధి చేశారు. ఆ తరలింపు 2017 దాకా సాగింది.

ఇది తెలిస్తేనే ఈ దీవుల్లోని ‘కళ’ అర్థమవుతుంది. 1992లో నావోషిమాలో తెరిచిన కళా మ్యూజియంతో ఇది మొదలైంది. ఆ తర్వాత 2004లో వాస్తుశిల్పి తదావో అందో అక్కడే భూమిలోపల కట్టిన చిచూ మ్యూజియం, 2008లో ఇనుజిమా కొలిమి శిథిలాల్లో పాత పొగగొట్టాన్నే గాలి ఆడించేందుకు వాడుకున్న మ్యూజియం, 2010లో తేషిమా వరిమళ్ల పక్కన నీటిబొట్టు ఆకారంలో కట్టిన మ్యూజియం, అదే ఏడాది మొదలై మూడేళ్లకోసారి జరిగే సెతోఉచి కళోత్సవం. గుమ్మడికాయ దగ్గర ఫొటో కంటే తేషిమాలో ఒక పూట గడపడం మేలు.

ఇక్కడే ప్రయాణాలు ఎక్కువగా చెడతాయి. చిచూ సాధారణంగా సోమవారం, తేషిమా మ్యూజియం మంగళవారం మూసి ఉంటాయి, చలికాలంలో సెలవులు ఇంకా పెరుగుతాయి. రెంటికీ ముందుగా వేళ ఖరారు చేసుకోవాలి. తకమత్సు నుంచి నావోషిమాకు పెద్ద ఫెర్రీలో 50 నిమిషాలు, హోన్షూ వైపున్న ఊనో రేవు నుంచయితే 20 నిమిషాలే. దీవి నుంచి దీవికి వెళ్లే చిన్న వేగపడవలు రోజుకు కొన్నే, సీట్లు తక్కువ, సెలవు రోజుల్లో వరసలో నిలబడ్డా దొరకకపోవచ్చు. కాబట్టి మొదట రాసుకోవాల్సింది చివరి పడవ వేళ, తర్వాత మ్యూజియం వేళ, భోజనం ఆ తర్వాత. నగదు దగ్గర ఉంచుకోండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో తుపాను హెచ్చరిక ఉంటే పడవలు ముందురోజే ఆపేస్తారు. 2021 ఆగస్టులో నావోషిమా పసుపు గుమ్మడికాయ కొట్టుకుపోయింది అలాంటి గాలికే. మళ్లీ చేసి పెట్టారు.

శాకాహారులకు ఒక మాట. తకమత్సు ఉన్న కగావా రాష్ట్రం ఉదోన్ అనే లావు గోధుమ నూడుల్స్‌కు పేరు. వాన తక్కువ కావడంతో వరి కంటే గోధుమ నమ్ముకున్న నేల ఇది. గిన్నెలో తేటగా కనిపించే చారు మాత్రం ఇరికో అనే ఎండు నెత్తళ్లతో కాచింది, కూరగాయలు వేసినా అదే చారు. ‘కిజోయు’ ఉదోన్ అడిగితే చారు లేకుండా ఉడికిన నూడుల్స్ ఇస్తారు, పైన సోయా సాస్ మనమే వేసుకోవాలి. బల్ల మీద సీసాలు రెండుంటే జాగ్రత్త, ఒకటి దాషి అనే చారు కలిపినది, అందులోనూ చేపే. లేబుల్ చదవలేకపోతే కొట్టు మనిషిని అడిగి వేసుకోండి.